కొత్త బండికి బూటు గీతలు: అసలు ఎలా ఎక్కాలి, ఎలా దిగాలి?

కూకట్‌పల్లి_350
అందరికీ నమస్కారం. ఈమధ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకున్నాను, నల్లరంగు. పని జీడిమెట్లలో, కాబట్టి కాళ్ళకి సేఫ్టీ బూట్లు తప్పవు. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఎక్కేటప్పుడు కుడికాలు విసిరితే మడమ వెళ్ళి వెనక సీటు అంచుకో, మడ్‌గార్డుకో తగులుతోంది. దిగేటప్పుడు ఇంకా ఘోరం. సీటు పక్కన నల్లటి రబ్బరు చారలు, మడ్‌గార్డు మీద సన్న గీతలు. మా ఆవిడ ఎక్కితే ఆమె చెప్పు శారీ గార్డుకు రాసుకుంటోంది. పైగా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండికీ బండికీ మధ్య జానెడు సందు కూడా ఉండదు. రోజూ పొద్దున్నే అదొక టెన్షన్. నా ఎత్తువాళ్ళు ఎలా మేనేజ్ చేస్తున్నారు?

మలక్‌పేట్_మజా
చెప్పులేసుకొని ఎక్కు అన్నా, బండికి గొడవే లేదు. గొడవంతా నీ కాలి వేళ్ళకే.

నల్లగండ్ల_రైడర్
తమ్ముడూ, ఇందులో ఎత్తు పాత్ర తక్కువ. ఆరడుగుల వాళ్ళు కూడా వెనక సీటును తన్నుతూ ఎక్కడం రోజూ చూస్తుంటాను. కాలు చాచి విసరడమే అసలు సమస్య. చాచిన కాలు పెద్ద చుట్టు తిరగాలి, ఆ చుట్టు సరిగ్గా వెనక సీటు మీదుగానే పోతుంది. మోకాలు మడిస్తే ఆ చుట్టు సగానికి సగం తగ్గుతుంది.

బండి సైడ్ స్టాండు మీద ఉండగానే ఎక్కు. ఎడమకు వాలి ఉంటుంది కాబట్టి సీటు నీ వైపు కాస్త కిందికి వస్తుంది. చాలామంది బండిని ముందే నిటారుగా లేపి, ఆ తర్వాత కాలెత్తుతారు. దాంతో సీటు పైకి పోతుంది, 195 కిలోల బండిని చేతులతో ఆపుకోవాల్సి కూడా వస్తుంది.

నిలబడేటప్పుడు సీటుకు ఎదురుగా వద్దు, ట్యాంకు దగ్గరికి జరుగు. రెండు చేతులూ హ్యాండిల్ మీద, కుడిచేతి వేళ్ళు ముందు బ్రేకు మీద. ఇప్పుడు నడుము వంచి ఛాతీని ట్యాంకు మీదికి తీసుకురా. ఛాతీ దిగితే వెనక తుంటి దానంతట అదే లేస్తుంది. అప్పుడు కుడి మోకాలు మడిచి, మడమను పిరుదు వైపు లాక్కుని, ముందు మోకాలిని సీటు దాటించు. మోకాలు అటుపక్కకు వెళ్ళిపోయాకే పాదం కిందికి. అంటే వెనక సీటు మీదుగా కాదు, నువ్వు కూర్చునే సీటు మీదుగానే కాలు పోతుంది. బూటుకు మడ్‌గార్డుతో పనే లేదు.

దిగేటప్పుడు ఎక్కువ గీతలు ఎందుకంటే, సగం కూర్చునే కాలు లాగుతారు. ముందు స్టాండు వేసి, బండిని దాని మీదికి పూర్తిగా వాలనివ్వు. తర్వాత తుంటిని ఎడమకు జరిపి, బరువంతా ఎడమకాలి మీద పెట్టి లేచి నిలబడు. సీటుకీ నీకూ మధ్య ఖాళీ వచ్చాక మళ్ళీ అదే పద్ధతి: ఛాతీ కిందికి, మడమ పైకి, మోకాలు మడిచి ఇవతలికి. కూర్చునే చోటి నుంచి నేరుగా కాలు ఊడదీస్తే తగలక ఏమవుతుంది?

ఇంట్లో ఒక పని చెయ్. వెనక సీటు మీద ముదురు రంగు పాత టవల్ పరిచి, బూటు మడమకు సుద్దపొడి పూసి ఎక్కి దిగు. తెల్ల మచ్చ ఎక్కడ పడిందో చూస్తే నీ కాలు ఎక్కడ కిందికి దిగుతోందో తెలిసిపోతుంది.

ఉప్పల్_హిమాలయన్
ఇదంతా క్లాసిక్‌కి సరే అన్నా, దాని సీటు ఎత్తు 805 మి.మీ. నా హిమాలయన్ 450ది 825, వెనక రెండు పక్కలా పెట్టెలు, మధ్యలో టాప్ బాక్స్. మోకాలు మడిచినా అది దాటదు. నేను సైడ్ స్టాండు మీద ఉంచి, ఎడమ ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి లేచి నిలబడి, అప్పుడు కుడికాలు అటు వేస్తాను. లడఖ్ వెళ్ళేవాళ్ళు చాలామంది ఇలాగే ఎక్కుతారు. గీత మాట దేవుడెరుగు, ప్యాంటు కూడా చిరగదు.

రాణిగంజ్_రెంచి
లడఖ్ సంగతి నాకు తెలియదు గానీ, స్టాండు సంగతి తెలుసు. మీ హిమాలయన్ బరువు 196 కిలోలు. వాలిన ఆ బరువులో, సామానులో కొంత, పైకి లేచే మనిషి భారంలో చాలావరకు ఒక్క బోల్టు మీద, ఫ్రేముకు వెల్డింగ్ చేసిన చిన్న పట్టీ మీద పడుతున్నాయి. ఒక్కరోజులో ఏమీ కాదు. మెల్లగా బోల్టు దగ్గర వదులు వస్తుంది, స్టాండు వంగుతుంది, బండి రోజురోజుకీ ఇంకాస్త వాలుతుంది. మా షాపుకి వచ్చే బండ్లలో "స్టాండు ఎందుకో ఎక్కువ వాలుతోంది" అనే కేసులు అడిగి చూస్తే సగం ఇవే. మిగతా సగం, స్టాండు వేసిన బండి మీద కూర్చుని ఫోన్ మాట్లాడేవాళ్ళు.

తప్పదనుకుంటే ఒళ్ళు బండికి ఆనించి, నిటారుగా పైకి లేవాలి. బయటికి వాలి లేస్తే స్టాండు మీద భారం ఇంకా పెరుగుతుంది.

ఉప్పల్_హిమాలయన్
లేచి నిలబడగానే నా ఒళ్ళు కుడివైపుకే వాలుతుంది కదన్నా, అప్పుడు స్టాండు మీద భారం తగ్గుతుంది. ఈ బండ్లు అలాంటి వాడకానికే చేసినవి.

రాణిగంజ్_రెంచి
లేచేదాకా ఎక్కడుంది ఆ భారం? మీ బండి, మీ స్టాండు. క్లాసిక్ వాళ్ళకి, హంటర్ వాళ్ళకి మాత్రం నేను వద్దనే చెప్తాను. వాటికి అవసరమే లేదు.

పెట్టెలున్న బండికి ఇంకో దారి ఉంది. టాప్ బాక్సుకీ రైడర్ సీటుకీ మధ్య ఖాళీలోంచి, మోకాలిని సీటు మీద ఆనించి జార్చడం. సీటు రెగ్జిన్ మీద మోకాలు జారితే ఏం గాదు, బూటు జారితేనే మచ్చ. రెయిన్ ప్యాంటు వేసుకుంటే ఇంకా సులువుగా జారుతుంది.

సైనిక్‌పురి_హంటర్
నేను హంటర్ నడుపుతాను, మావారి బండి వెనకా కూర్చుంటాను. రెండు వైపులా చూశాను కాబట్టి చెప్తున్నా. కూకట్‌పల్లి తమ్ముడూ, మీ ఆవిడ చెప్పు శారీ గార్డుకు రాసుకోవడంలో మీ వాటా కూడా ఉంది.

సగం మంది మగవాళ్ళు ఇంజన్ నడుస్తుండగా, గేరులో పెట్టి క్లచ్ పట్టుకుని, ఒక కాలే కింద పెట్టి "ఎక్కు ఎక్కు" అంటారు. వెనక ఫుట్‌రెస్టు మడిచే ఉంటుంది. ఇంకెక్కడ కాలు పెట్టాలి? శారీ గార్డు కమ్మీ మీద పెడుతుంది. కుడివైపు నుంచి ఎక్కిస్తే ఏకంగా సైలెన్సర్ మీదే.

పద్ధతి ఇది. బండి న్యూట్రల్‌లో ఉండాలి, మీ రెండు కాళ్ళూ వెడల్పుగా నేల మీద ఉండాలి, ముందు బ్రేకు నొక్కి ఉండాలి. ఫుట్‌రెస్టులు ముందే తెరిచి ఉంచండి. మీరు "ఊఁ" అన్నాకే ఆమె కాలెత్తాలి. రెండు వైపులా కాళ్ళేసి కూర్చునేటట్టయితే, ఎడమచెయ్యి మీ ఎడమ భుజం మీద, ఎడమపాదం ఫుట్‌రెస్టు మీద, లేచి నిలబడి కుడి మోకాలు మడిచి అటు వెయ్యాలి. ఆ ఒక్క క్షణం బండి ఎడమకు లాగుతుంది, మీరు గట్టిగా ఆపుకోవాలి. దిగేటప్పుడు కూడా ముందు ఆమె దిగాలి, తర్వాతే మీరు స్టాండు వెయ్యాలి. స్టాండు వేసి "ఇక దిగు" అనే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది, రెంచి అన్న చెప్పిన వాలిపోయిన స్టాండ్లలో మాదీ ఒకటి అయ్యుంటుంది.

చీరలో ఒక పక్కకు కూర్చుంటే ఇంకో రకం. శారీ గార్డుకు కింద పాదం పెట్టుకునే పలక ఉంటుంది చూడండి, కాలు దాని మీదికే రావాలి. ముందు సీటుకు వీపు పెట్టి నిలబడి, వెనక్కి కూర్చుని, ఆ తర్వాత కాళ్ళు పైకి తీసుకోవాలి. చాలామంది ముందు కాలు పెట్టి ఎగిరి కూర్చుంటారు, చెప్పు గీసుకునేది అప్పుడే. కొంగు, చున్నీ ఒళ్ళోకి చుట్టుకున్నాకే బండి కదలాలి.

ఇంకోటి, కోఠి, సుల్తాన్‌బజార్ వెళ్ళొచ్చేటప్పుడు చేతిలో సంచులుంటాయి. వాటిని పట్టుకుని ఎక్కితే సంచి జిప్పులు, స్టీలు సామాన్ల అంచులు సైడ్ ప్యానెల్‌ను గీసేస్తాయి. సంచులు ముందు మీ చేతికిచ్చి, ఎక్కాక తీసుకోమనండి.

మలక్‌పేట్_మజా
శారీ గార్డు తీసేస్తే గీతలే ఉండవు కదక్కా? బండి కూడా స్టైల్‌గా ఉంటుంది.

సైనిక్‌పురి_హంటర్
అది అలంకారానికి పెట్టింది కాదు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో 123వ రూలు చూడండి. వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకోడానికి పిడి, కాళ్ళు పెట్టుకోడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ తప్పనిసరిగా ఉండాలి. చున్నీ చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో తెలిసినవాళ్ళు స్టైల్ మాట ఎత్తరు. గార్డు మీద గీత పడితే పడనివ్వండి, అది ఉన్నదే దానికి.

కూకట్‌పల్లి_350
అక్కా, థాంక్స్. ఫుట్‌రెస్టు సంగతి నిజమే, నేను ఎప్పుడూ తెరవలేదు. నల్లగండ్ల అన్న చెప్పిన ఛాతీ వంచే పద్ధతి సెల్లార్‌లో ప్రయత్నించాను. మోకాలు సులువుగానే వస్తోంది. కానీ బెల్టు బకిల్ ట్యాంకుకు తగిలేలా ఉంది. వెనక గీతలు ముందుకు తెచ్చుకున్నట్టు అవుతుందేమో? పక్క బండికి, నాకు మధ్య నిలబడే చోటు లేకపోవడం ఇంకో బాధ.

చందానగర్_సెల్లార్
నేను ట్యాంకు ప్యాడ్, అంటే ట్యాంకు మీద అంటించే మందపాటి స్టిక్కర్, వేశాను. బకిల్, జాకెట్ జిప్పు రెండూ తగిలేది ట్యాంకు వెనక చివరే, సీటు మొదలయ్యే చోట. జాకెట్ జిప్పు పూర్తిగా కిందికి లాగితే దాని చివరి ముక్క సరిగ్గా అక్కడే ఊగుతుంది. దాన్ని కాస్త పైకి పెట్టి, ఛాతీ ట్యాంకు మీద పడుకోబెట్టకుండా వేలెడు దూరంలో ఆపితే చాలు.

సెల్లార్‌లో మాత్రం ఎక్కే ప్రయత్నమే చెయ్యొద్దు. బండ్లన్నీ ఎడమకే వాలుతాయి, మనం ఎక్కాల్సిందీ ఎడమ నుంచే. ఆ సందులో మోకాలు మడిచినా పక్కవాడి అద్దానికి తగులుతుంది. బయటికి తోసుకొచ్చి ఎక్కు. ముందురోజు రాత్రే వెనక చక్రం గోడవైపు పెట్టి పార్క్ చేస్తే పొద్దున్న నేరుగా ముందుకే తోసుకోవచ్చు.

తోసేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి, ఎందుకంటే బ్రేకు కుడిచేతి దగ్గరుంది. బండిని కొద్దిగా నీ వైపు వాల్చి తుంటికి ఆనించు. అటువైపు వాలిందంటే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇక్కడే ఎవరూ చూసుకోని గీత ఒకటి పడుతుంది. కుడి జేబులో తాళాలగుత్తి ఉంటే, తుంటి ఆనే చోట సైడ్ ప్యానెల్ మీద చిన్న చిన్న చుక్కల్లాంటి గాట్లు పడతాయి. తాళాలు ఎడమ జేబులోకి మార్చు.

బయట పార్కింగ్ అయితే మన చేతిలో ఏమీ లేదు. ఒక మాల్‌లో పార్కింగ్ కుర్రాడు లాక్ వేసి ఉన్న బండిని వెనక పిడి పట్టుకుని ఎత్తి పక్కకు జరపడం కళ్ళారా చూశాను. వాళ్ళను ఏమంటాం, చోటు లేదు మరి. అందుకే నేను వరస చివర, ఎడమపక్క ఖాళీ ఉండే చోటు వెతుక్కుంటాను, కాస్త నడవాల్సొచ్చినా సరే.

జూబ్లీహిల్స్_ఎత్తుపల్లం
వాలు రోడ్ల గురించి ఎవరూ రాయలేదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు సమంగా ఉండే చోటు దొరకడం కష్టం. బండి ముఖం పల్లం వైపు పెట్టి సైడ్ స్టాండు వేస్తే, మనం ఎక్కేటప్పుడు కొంచెం ముందుకు కదిలినా చాలు, స్టాండు మడుచుకుపోతుంది. ముఖం ఎత్తు వైపు, మొదటి గేరులో పెట్టి ఇంజన్ ఆపి దిగాలి. ఎక్కాక క్లచ్ పట్టి న్యూట్రల్‌కి తెచ్చుకోవచ్చు.

ఇంజన్ నడుస్తుండగా ఎక్కడం, దిగడం ఎక్కడైనా వద్దు. కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీదే ఉంటుంది. ఒళ్ళు తూలితే ఆ చెయ్యే తిరుగుతుంది. ఇప్పుడొచ్చే చాలా బండ్లలో స్టాండు వేసి గేరు వేస్తే ఇంజన్ ఆగిపోతుంది, పాతవాటికి ఆ సౌకర్యం లేదు.

మే నెల మధ్యాహ్నం తారు మెత్తబడి స్టాండు దిగబడుతుంది. దిగబడితే బండి ఎక్కువ వాలి, కాలెత్తేటప్పుడు బ్యాలెన్స్ తప్పుతుంది. చదునైన రాయి ముక్కో, నలగ్గొట్టిన డబ్బా మూతో స్టాండు కింద వెయ్యండి. వానాకాలం చిలుకూరు వైపు వెళ్ళి మట్టిలో పార్క్ చేసేవాళ్ళకీ ఇదే.

సనత్‌నగర్_పెద్దాయన
పిల్లలంతా బాగా రాస్తున్నారు. నేను ఆల్విన్ వాళ్ళ పుష్పక్ స్కూటర్‌తో మొదలుపెట్టినవాణ్ణి. ఆల్విన్ ఫ్యాక్టరీ ఉండేది మా సనత్‌నగర్‌లోనే, మాకు ఆల్విన్ అంటే ఇంటి మనిషి లెక్క. దానికి కాలు విసిరే పనే లేదు, లోపలికి అడుగుపెట్టి కూర్చోవడమే. తర్వాత పాత బులెట్‌కి మారాను. దానికి గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. ఇప్పటి వాళ్ళకి చెప్తే నవ్వుతారు. గేరు ఎటున్నా స్టాండు మాత్రం ఎడమే, ఎక్కడమూ ఎడమే. మన రోడ్డుకు అంచు ఎడమపక్క కాబట్టి ట్రాఫిక్ వైపు వీపు పెట్టాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు మోకాలు వంగదు, తుంటీ సహకరించదు. మీరు చెప్పే మోకాలు మడిచే విద్య నా వల్ల కాదు. నేను ఫుట్‌పాత్ వాడుకుంటాను. బండిని ఫుట్‌పాత్ పక్కగా ఆపి, పైన నిలబడి ఎక్కితే సీటు అర అడుగు కిందికి దిగినట్టే. కాలు కొంచెం ఎత్తితే చాలు. అయితే స్టాండు రోడ్డు మీదే ఉండాలి, ఫుట్‌పాత్ మీదికి రాకూడదు. వస్తే బండి వాలకుండా నిటారుగా నిలబడుతుంది, చెయ్యి తగిలితే అటువైపు పడుతుంది. అంతకు తగినంత ఎడం వదిలి ఆపండి.

ఎత్తు తక్కువ బండి కావాలనుకునేవాళ్ళకి మీటియర్ మేలు. సీటు 765 మి.మీ. మాత్రమే. నేను చూసుకునే తీసుకున్నాను.

కూకట్‌పల్లి_350
నమస్తే అంకుల్, మా సందులో ఫుట్‌పాతే లేదు, సెల్లార్ ర్యాంపు పక్కన ఒక మెట్టు ఉంది, అది వాడి చూస్తాను. ఇప్పటికే పడ్డ గీతలు పోవాలంటే ఏం చెయ్యాలి? సిరామిక్ కోటింగ్ వేయిస్తే మళ్ళీ పడవని ఒకతను చెప్పాడు.

రాణిగంజ్_రెంచి
ముందు గోరుతో చూడు. చార మీద గోరు అడ్డంగా లాగితే ఎక్కడా ఆగకపోతే అది గీత కాదు, నీ బూటు రబ్బరు అక్కడ అంటుకుంది. దుమ్ము కడిగేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తటి గుడ్డకు కొంచెం తడిపి తుడిస్తే పోతుంది. గోరు తట్టుకుని ఆగితే రంగు లోపలిదాకా పోయింది, ఏ క్రీమూ దాన్ని పూడ్చలేదు. రెండింటి మధ్యలో ఉన్నవి, అంటే ఎండలో కనిపించి నీడలో కనిపించనివి, రబ్బింగ్ కాంపౌండ్‌తో తగ్గుతాయి. మైక్రోఫైబర్ గుడ్డ, తక్కువ కాంపౌండు, తక్కువ ఒత్తిడి. ఒకేచోట గట్టిగా రుద్దితే రంగు పైన ఉన్న పారదర్శక పొర, క్లియర్ కోటే పోతుంది.

ఇదంతా మెరిసే రంగుకే. మ్యాట్ రంగు బండికి కాంపౌండు, పాలిష్, వ్యాక్స్ ఏదీ ముట్టించొద్దు. రుద్దినచోట మెరుపు వస్తుంది, ఆ మెరుపు తియ్యడం ఎవరివల్లా కాదు. కొత్త బండికి పూజ చేయించి మ్యాట్ ట్యాంకు మీద పసుపు, కుంకుమ తడిపి పెట్టి, తర్వాత గట్టిగా రుద్ది తీసేవాళ్ళు నెలకొకరైనా వస్తారు. స్వస్తిక్ హెడ్‌లైట్ అద్దం మీద పెట్టుకోండయ్యా.

సీటు రెగ్జిన్‌కి సబ్బునీళ్ళే. టైరు పాలిష్, డ్యాష్‌బోర్డు పాలిష్ సీటుకు కొట్టొద్దు. మెరుస్తుంది గానీ జారుతుంది, బ్రేకు వేస్తే వెనకవాళ్ళు నీ మీదికొస్తారు.

సైలెన్సర్‌కి బూటు అడుగు కరిగి అంటుకుంటే, చల్లారాక గీకొద్దు. కొంచెం గోరువెచ్చగా ఉన్నప్పుడు చెక్కపుల్లతో తోసెయ్. స్క్రూడ్రైవర్ వాడితే రబ్బరు పోతుంది, క్రోమూ పోతుంది.

సిరామిక్ కోటింగ్ చాలా పలచటి పొర. నీళ్ళు నిలవవు, దుమ్ము తొందరగా పోతుంది, మెరుపుంటుంది. బూటు దెబ్బను మాత్రం ఆపలేదు. దానికి కావాల్సింది పీపీఎఫ్, పారదర్శకమైన మందపాటి ఫిల్ము. బండి మొత్తానికి అక్కర్లేదు. సుద్దపొడి పరీక్షలో ఎక్కడ తగిలిందో అక్కడ, ట్యాంకు వెనక చివర, సైడ్ ప్యానెల్ మీద తుంటి ఆనే చోట చిన్న ముక్కలు చాలు. పుత్లీబౌలి, రాణిగంజ్ వైపు అడిగితే ముక్కలు కోసిస్తారు. అంటించేముందు గీతలు బాగుచేసుకో, లేకపోతే గీతను ఫిల్ము కింద దాచిపెట్టినట్టే.

మలక్‌పేట్_మజా
రెంచి అన్నా, ఒకటి సీరియస్‌గా అడుగుతున్నా. బూటు లేసు ఫుట్‌రెస్టుకి చిక్కుకుంటే ఏం చెయ్యాలి? సిగ్నల్ దగ్గర కాలు దించబోతే రాలేదు.

రాణిగంజ్_రెంచి
ఎడమకాలిదైతే గేరు రాడ్డుకే చిక్కుకుంటుంది. ఆ క్షణంలో కిందికి లాగకు, ఇంకా బిగుస్తుంది. పాదాన్ని వెనక్కి జరిపి పైకి తియ్, ఈలోగా రెండో కాలు దించు. ముడి వేశాక లేసు కొసలు బూటు నాలుక లోపలికి దోపు, లేదా ముడి బయటి పక్కకు వచ్చేలా కట్టు. కూకట్‌పల్లి తమ్ముడూ, సేఫ్టీ బూట్ల లేసులు పొడుగు, నువ్వూ చూసుకో.

కూకట్‌పల్లి_350
సరే అన్నా. మెట్టు మీంచి ఎక్కితే మోకాలు మడవకుండానే దాటుతోంది, అంకుల్‌కి థాంక్స్. చారలు సగం తుడుపుకే పోయాయి, అంటే రబ్బరే. మడ్‌గార్డు మీద రెండు చోట్ల గోరు ఆగుతోంది. ఆదివారం పుత్లీబౌలి షాపులు తెరుస్తారా?